తీగ ఎక్కడ విడిపోవాలి: ఇంటి సోలార్ బ్యాటరీ వైరింగుపై ఒక ప్రసంగం

(కావలిలో ఇంటి యజమానులు, ఎలక్ట్రీషియన్లు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం.)

పెద్దలకు, తోటి పనివారికి నమస్కారం. ఈ సభకు కావలి పట్టణం వారే కాక ఉత్తరాన ఉలవపాడు, సింగరాయకొండల నుండి, దక్షిణాన అల్లూరు, కోవూరుల నుండి కూడా వచ్చారు. మీలో సగం మంది ఇల్లు కట్టుకున్నవారు, సగం మంది ఆ ఇళ్లలో తీగలు లాగినవారు. ఇద్దరూ ఇలా ఒకచోట కూర్చోవడం అరుదు. యజమాని బ్యాటరీ ధర అడుగుతాడు, ఎలక్ట్రీషియన్ ఎన్ని కాయిళ్ల తీగ పడుతుందో లెక్క వేసుకుంటాడు, ఇద్దరి మధ్యా తేల్చుకోవలసిన అసలు మాట తేలకుండానే పని మొదలైపోతుంది. కరెంటు పోయిన క్షణాన ఇంట్లో ఏ తీగ దేనితో కలిసి ఉండాలి, ఏ తీగ దేని నుండి విడిపోవాలి అన్నది ముందుగా కాగితం మీద గీసుకోవాలి, బ్యాటరీ ఆ తరువాతే కొనాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటేముందు మన తీరం వెంబడే పైకి సాగింది కనుక ఆ గాలీ వానా ముందు మనమే చూశాము. నెల్లూరులో మా అక్క ఇంటి మీద అప్పటికే 3 కిలోవాట్ల ప్యానెళ్లు, కింద వీధికి పంపిన కరెంటునూ, వీధి నుండి తీసుకున్న కరెంటునూ లెక్కించే నెట్ మీటరు ఉన్నాయి. తుఫాను వెళ్లాక మబ్బు విరిగి మంచి ఎండ కాసింది, కానీ వీధిలో స్తంభం ఒరిగి కరెంటు లేదు. అక్క మేడ ఎక్కి ప్యానెళ్లు చూసి, దిగి వచ్చి నాకు ఫోను చేసి, "ఏరా, ఇంత ఎండ నెత్తిన పెట్టుకొని నా ఇంట్లో ఒక్క ఫ్యాను తిరగదేమిరా? నువ్వే కదా పెట్టించమన్నావు" అని అడిగింది. ఆమె మాటలో న్యాయం ఉంది. పెట్టించిన రోజున బిల్లు తగ్గుతుందని చెప్పాను గాని, వీధి కరెంటు పోతే ప్యానెళ్లు కూడా ఆగిపోతాయని చెప్పలేదు. ఆ రోజు నుండి ఎవరు సోలార్ గురించి అడిగినా మొదట ఈ మాటే చెబుతున్నాను.

అవి ఎందుకు ఆగిపోతాయో ఇంటివారికి కూడా తెలియాలి. గ్రిడ్డుకు, అంటే వీధి కరెంటు లైనుకు, కలిపిన సోలార్ ఇన్వర్టరు వీధి కరెంటు 230 వోల్టులను, 50 హెర్ట్జ్‌లను చూసుకుంటూ, దాని వెంట నడుస్తుంది. అది కనబడకపోతే తనను తాను కట్టేసుకోవాలని నియమం. అలా కట్టేసుకోకపోతే మీ ఇంటి 230 వోల్టులు వీధిలోని ట్రాన్స్‌ఫార్మరుకు వెనుక నుండి చేరతాయి. 11,000 వోల్టులను తగ్గించి మనకు ఇచ్చే ఆ ట్రాన్స్‌ఫార్మరే, వెనుక నుండి కరెంటు వస్తే దాన్ని పెంచి 11,000 వోల్టులుగా పై లైనులోకి పంపుతుంది. తెగిన తీగను అతికించడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు ఆ కరెంటు ఎక్కడి నుండి వచ్చిందో తెలిసే అవకాశం కూడా ఉండదు. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే ప్రతి పద్ధతీ, ఎంత చవకదైనా ఎంత ఖరీదైనదైనా, ముందు ఈ ఒక్క పరీక్షలో నిలవాలి: కరెంటు పోయినప్పుడు మీ ఇల్లు వీధి నుండి పూర్తిగా, తీగ మిగలకుండా విడిపోవాలి. ఆ తరువాతే ఫ్యాను తిరగాలి.

ఇక బ్యాటరీ ఎందుకన్న ప్రశ్న. మన నెల్లూరు జిల్లాలో నేలటూరు దగ్గర 800 మెగావాట్ల యూనిట్లతో థర్మల్ కేంద్రం నడుస్తోంది. ఉత్పత్తి పక్కనే ఉన్నా, మన వీధి స్తంభం ఒరిగితే మన ఇంట్లో చీకటే. కాబట్టి బ్యాటరీ అవసరం ఆ చీకటి గంటలకే. నెట్ మీటరు ఉన్న ఇంట్లో పగలు మిగిలిన యూనిట్లను గ్రిడ్డే దాచి రాత్రికి తిరిగి ఇస్తుంది. అంత పెద్ద బ్యాటరీని మనం కొనలేము, కొననక్కరలేదు కూడా. బిల్లు ఇంకా తగ్గించుకోవడానికని పెద్ద బ్యాటరీ పెట్టుకోవడం నా లెక్కలో దండగ. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు, అంతకు పైన కూడా వచ్చే 78,000 రూపాయల రాయితీ ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి లెక్కించేదే. బ్యాటరీ పెద్దదైనంత మాత్రాన అది పెరగదు.

చీకటి గంటల్లో ఏమేమి నడవాలో లెక్క వేద్దాం. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, పది గంటలు తిరిగితే 0.9 యూనిట్. అవే 75 వాట్ల పాత ఫ్యాన్లయితే 2.25 యూనిట్లు. ఒక్క ఫ్యాన్ల మార్పుతోనే ఇంత తేడా వస్తుంది కనుక, బ్యాటరీకి డబ్బు కట్టేముందు ఫ్యాన్లు మార్చమని నేను ప్రతి ఇంట్లోనూ చెబుతాను. తొమ్మిది వాట్ల బల్బులు ఐదు, ఐదు గంటలు వెలిగితే పావు యూనిట్ కూడా కాదు. ఫ్రిజ్ రాత్రంతా సుమారు అర యూనిట్ తీసుకుంటుంది. టీవీ, వైఫై, ఫోన్ల చార్జింగు కలుపుకున్నా రెండు, రెండున్నర యూనిట్లలో రాత్రి గడుస్తుంది. 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 5.12 యూనిట్లు ఉంటాయి, అందులో నాలుగు యూనిట్లకు పైగా వాడుకోవచ్చు. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీలు నాలుగు పెడితే కాగితం మీద 7.2 యూనిట్లు, కానీ అవి పదికాలాలు ఉండాలంటే సగమే వాడాలి, అంటే 3.6. ఏసీ, గీజరు, బోరు మోటారు ఈ లెక్కలో లేవు. లేకుండానే ఉండాలి. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు మొదలయ్యే క్షణంలో లాగుతుంది, ఆ ఒక్క క్షణానికే 3 కిలోవాట్ల ఇన్వర్టరు పడిపోతుంది. తుఫాను హెచ్చరిక రాగానే మేడ మీద ట్యాంకు నింపుకోవడం మన ఇళ్లలో ఉన్న అలవాటే, దానినే కొనసాగిద్దాం.

ఇప్పుడు పద్ధతులు. మొదటిది మన పల్లెల్లో ఎక్కువగా కనబడేది: ఇంట్లో ముందే ఉన్న ఇన్వర్టరు, దాని 12 లేదా 24 వోల్టుల బ్యాటరీ, దానికి అదనంగా కప్పు మీద రెండు ప్యానెళ్లు, మధ్యలో ఒక సోలార్ చార్జ్ కంట్రోలరు. ఖర్చు తక్కువ, ఇది వీధి లైనులోకి కరెంటు పంపదు, పాడైతే బాగుచేసేవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. రెండు గదుల ఇంటికి ఇది చాలు, దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. కానీ బ్యాటరీ నిండిన తరువాత వచ్చిన ఎండంతా వృథా అవుతుంది, మిగిలిన యూనిట్లు గ్రిడ్డుకు వెళ్లవు.

రెండవది హైబ్రిడ్ ఇన్వర్టరు. ప్యానెళ్ల తీగలు, బ్యాటరీ తీగలు, వీధి కరెంటు మూడూ ఒకే పెట్టెలోకి వస్తాయి. ప్యానెళ్ల నుండి వచ్చిన డీసీ (ఒకే దిశలో పారే కరెంటు), ఏసీగా (దిశ మార్చుకుంటూ పారే, మన వీధి కరెంటు రకంగా) మారకుండానే బ్యాటరీలోకి వెళుతుంది కనుక మార్పిడి నష్టం తక్కువ. దీనినే డీసీ కప్లింగ్ అంటారు. ఆ పెట్టెకు ఏసీ వైపు రెండు దారులు ఉంటాయి: ఒకటి గ్రిడ్ టెర్మినల్, రెండవది బ్యాకప్ టెర్మినల్. వీధి కరెంటు ఉన్నంతసేపూ బ్యాకప్ దారిలో కూడా వీధి కరెంటే లోపలి రిలే (తనంతట తానే కలిసే, విడిపోయే స్విచ్) గుండా ప్రవహిస్తుంది. కరెంటు పోగానే ఆ రిలే విడిపోతుంది, బ్యాకప్ దారికి మాత్రమే బ్యాటరీ కరెంటు అందుతుంది. కొత్తగా సోలార్ పెట్టుకునే ఇంటికి ఇదే మేలని నా అభిప్రాయం.

మూడవది మా అక్క ఇంటి వంటి ఇళ్లకు. అక్కడ నెట్ మీటరుతో నడుస్తున్న మామూలు సోలార్ ఇన్వర్టరు ముందే ఉంది, దాన్ని తీసిపారేయడం ఎందుకు? దాన్ని అలాగే ఉంచి, ఏసీ వైపున వేరే బ్యాటరీ ఇన్వర్టరును చేర్చవచ్చు. కరెంటు పోయినప్పుడు ఈ బ్యాటరీ ఇన్వర్టరు ముందు ఇంటిని వీధి నుండి విడదీసి, తానే 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు తయారు చేస్తుంది. పాత సోలార్ ఇన్వర్టరు దానిని చూసి వీధి కరెంటే తిరిగి వచ్చిందనుకొని మళ్లీ పని మొదలుపెడుతుంది. దీనిని ఏసీ కప్లింగ్ అంటారు. ఇందులో ఒక చిక్కు ఉంది, దానిని వివరంగా చెప్పాలి. మిట్టమధ్యాహ్నం ప్యానెళ్లు 3 కిలోవాట్లు ఇస్తున్నాయి, ఇంట్లో వాడకం 300 వాట్లు, బ్యాటరీ నిండిపోయింది. మిగిలిన కరెంటు ఎక్కడికి పోవాలి? వీధికి దారి లేదు. అప్పుడు బ్యాటరీ ఇన్వర్టరు తాను తయారు చేసే 50 హెర్ట్జ్‌లను కావాలనే కొంచెం పెంచుతుంది. ఆ పెరుగుదల చూసి సోలార్ ఇన్వర్టరు తగ్గాలి, లేదా ఆగిపోవాలి. పాత ఇన్వర్టర్లలో కొన్ని మెల్లగా తగ్గవు, ఒక్కసారిగా ఆగి, కొన్ని నిమిషాల తరువాత మళ్లీ లేస్తాయి. అది ప్రమాదం కాదు గాని, ఇంటివారికి లోపంలా కనబడుతుంది, ముందే చెప్పి ఉంచాలి. అసలు గమనించవలసింది వేరొకటి: సోలార్ ఇన్వర్టరు సామర్థ్యం బ్యాటరీ ఇన్వర్టరు సామర్థ్యాన్ని మించకూడదు. 5 కిలోవాట్ల ప్యానెళ్లకు 2 కిలోవాట్ల బ్యాటరీ ఇన్వర్టరు తగిలిస్తే, ఎండ ఎక్కిన వేళ అది ఆ వరదను మింగలేదు. ఇంట్లో ముందే ఉన్న మామూలు దుకాణపు ఇన్వర్టరును ఈ పనికి వాడాలని చూసేవారు ఉన్నారు. అది ఈ పనికి తయారైనది కాదు. బయటి నుండి తోసుకొచ్చే కరెంటును వెనక్కు తీసుకోవడం దానికి తెలియదు, కాలిపోతుంది.

పద్ధతి ఏదైనా, అసలు పని డీబీ (ఇంటి సర్క్యూట్లన్నీ విడిపోయే స్విచ్‌ల పెట్టె) దగ్గరే ఉంది. ఎక్కువ సమయం దీనికే తీసుకుంటాను, ఎందుకంటే మన ప్రాంతంలో నేను చూసిన తప్పుల్లో పెద్ద భాగం ఇక్కడే ఉన్నాయి.

ఇల్లంతా బ్యాకప్ మీద ఉండాలని యజమాని అడుగుతాడు. 5 కిలోవాట్ల హైబ్రిడ్ పెట్టె బ్యాకప్ టెర్మినల్‌కు ఇల్లంతా కలిపితే, రెండు ఏసీలు, గీజరు ఒకేసారి వేసిన రోజున వీధి కరెంటు నిక్షేపంగా ఉండగానే ఆ పెట్టె ఓవర్‌లోడుతో పడిపోతుంది, ఎందుకంటే వీధి కరెంటు కూడా ఆ పెట్టె రిలే గుండానే రావాలి. అందుచేత పక్కనే చిన్న డీబీ ఒకటి వేరుగా బిగించి, ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, వంటింట్లో ఒక ప్లగ్గు, వైఫై ఉన్న గది ప్లగ్గు, ఇంట్లో మంచం పట్టిన పెద్దలుంటే వారి గది మొత్తం అందులోకి తేవాలి. మిగిలినవి పాత డీబీలోనే ఉంటాయి. మూడు ఫేజుల సర్వీసు ఉన్న ఇంట్లో సింగిల్ ఫేజ్ ఇన్వర్టరు పెడితే, ఈ చిన్న డీబీలోని సర్క్యూట్లన్నీ ఒకే ఫేజు మీదికి రావాలి, మూడు ఫేజుల మోటారును దాని దరికి రానీయకూడదు.

ఇక న్యూట్రల్, అంటే ఫేజు తీగలో వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే తీగ. తోటి పనివారు దయచేసి ఈ భాగం మనసు పెట్టి వినండి. పాత ఇన్వర్టర్ల కాలంలో మనందరికీ ఒక అలవాటు పడింది. స్లాబ్ వేసేటప్పుడే ఇన్వర్టరు కోసం ఒక ఫేజు తీగ అదనంగా లాగుతాము, న్యూట్రల్ మాత్రం ఇల్లంతటికీ ఒకటే. ఆ ఇన్వర్టర్లకు అది సరిపోయింది కనుక తప్పని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు హైబ్రిడ్ పెట్టె బ్యాకప్ దారిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు నేలకు కారితే వెంటనే సరఫరా తెంచే రక్షణ స్విచ్, పెడతాము. ఆర్‌సీసీబీ చేసేది ఒకటే లెక్క: ఫేజులో ఎంత కరెంటు వెళ్లిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా? కరెంటు బ్యాకప్ ఫేజు గుండా వెళ్లి, ఉమ్మడి న్యూట్రల్ గుండా పాత డీబీకి తిరిగి వస్తే, ఆర్‌సీసీబీ లెక్కలో అది తిరిగి రానట్టే. మనిషి ఒంట్లో నుండి నేలకు పోయిందని అనుకొని అది ట్రిప్ అవుతుంది. అది అనుకున్నది సరైనదే, తప్పు మనది.

ఒక ఇంట్లో ఇలాగే ట్రిప్ అవుతుంటే, సామాను మంచిది కాదని చెప్పి ఆర్‌సీసీబీనే పీకేసి, బ్యాకప్ న్యూట్రల్‌ను పాత డీబీ న్యూట్రల్ బార్‌కు ఒక ముక్క తీగతో కలిపేశారు. ఫ్యాన్లు తిరిగాయి, అందరూ సంతోషించారు. ఆరు నెలల తరువాత వేరే పని మీద నన్ను పిలిచినప్పుడు చూశాను. ఆ ఇంట్లో అంతకాలం బ్యాకప్ మీద ఉన్న ఏ ప్లగ్గుకూ మనిషి ప్రాణానికి రక్షణ లేదు. వీధి కరెంటు పోయినప్పుడు కూడా ఇంటి న్యూట్రల్ వీధి న్యూట్రల్‌తో కలిసే ఉంది. చిన్నపిల్లలు ఉన్న ఇల్లు అది. ఆ పని చేసిన తమ్ముడు చెడ్డవాడు కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు. చిన్న డీబీకి వచ్చే ప్రతి సర్క్యూట్ తన ఫేజుతో పాటు తన న్యూట్రల్‌ను కూడా వెంట తెచ్చుకోవాలి. పాత ఇంట్లో ఇది శ్రమ. పైపుల్లో చోటు ఉండదు, కొన్నిచోట్ల గోడ మీద కేసింగ్ నడపాలి. యజమానులారా, ఆ శ్రమకు కూలి అడిగినప్పుడు బేరం ఆడవద్దు. మీరు కొనే సామానులో అన్నింటికంటే విలువైనది ఆ రెండో తీగ.

న్యూట్రల్ విడదీశాక ఇంకొక ప్రశ్న పుడుతుంది. వీధి కరెంటు ఉన్నప్పుడు న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమికి కలిసి ఉంటుంది. అందుకే లోపం వచ్చిన ఫ్రిజ్‌ను తాకితే కరెంటు నేల గుండా తిరిగి పోవడానికి దారి ఉంటుంది, ఆ తేడాను ఆర్‌సీసీబీ పట్టుకుంటుంది. ఇన్వర్టరు రెండు తీగలనూ వీధి నుండి విడదీసిన తరువాత, ఇంటి న్యూట్రల్‌కు భూమితో ఏ సంబంధమూ మిగలదు. మొదటి లోపాన్ని ఆర్‌సీసీబీ గుర్తించలేకపోతుంది, రెండవ లోపం వచ్చిన రోజున చాలా ఆలస్యమైపోతుంది. మంచి హైబ్రిడ్ పెట్టెల్లో బ్యాకప్ వేళ మాత్రమే న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపి, వీధి కరెంటు రాగానే విడదీసే రిలే ఉంటుంది. కొన్నింటిలో దానిని సెట్టింగులో తెరవాలి, కొన్నింటిలో బయట కాంటాక్టరు అనే పెద్ద రిలే పెట్టుకోవాలి. కొనేముందు మాన్యువల్‌లో ఈ ఒక్క విషయం వెతకండి. ఎప్పటికీ కలిసి ఉండేలా డీబీలో న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య తీగ వేయడం మాత్రం పరిష్కారం కాదు. వీధి కరెంటు ఉన్నప్పుడు న్యూట్రల్ కరెంటులో కొంత మీ ఎర్తు గుంత గుండా పారుతుంది, ఆర్‌సీసీబీ మళ్లీ పడుతుంది, మళ్లీ ఎవరో దాన్ని పీకేస్తారు.

ఇది సరిగా ఉందో లేదో చూడడానికి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే చాలదు. ఆ బటన్ తన లోపలే ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య చిన్న కరెంటును దారి మళ్లించి చూస్తుంది కనుక, ఎర్తు సంబంధం లేకపోయినా పడిపోతుంది. మెయిన్ కట్టేసి, ఇల్లు బ్యాకప్ మీద ఉండగా, ప్లగ్గులో న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య మీటరు పెట్టి చూడాలి. సున్నాకు దగ్గరగా చూపితే కలిసి ఉన్నట్టు. పదుల వోల్టులు, ఇంకా పైన చూపితే కలవనట్టు. ఈ పరీక్ష చేయకుండా నేను ఏ ఇంటి నుండీ బయటకు రాను.

హైబ్రిడ్ పెట్టె పాడైతే ఏమిటన్నది కూడా ముందే ఆలోచించాలి. ఆ రోజు చిన్న డీబీని నేరుగా వీధి కరెంటుకు కలపడానికి రెండు పోల్స్‌ది, మధ్యలో ఆఫ్ ఉన్న చేంజోవర్ స్విచ్ ఒకటి పెట్టించండి. ఒకవైపు విడిపోయిన తరువాతే రెండోవైపు కలిసే రకం కావాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ అందులో మారాలి.

ఇక బ్యాటరీ వైపు. ఇక్కడ వోల్టేజీ తక్కువ గనుక భయం తక్కువ, అందుకే అజాగ్రత్త ఎక్కువ. 5 కిలోవాట్ల ఇన్వర్టరు 48 వోల్టుల బ్యాటరీ నుండి పూర్తి లోడు మీద సుమారు 110 ఆంపియర్లు లాగుతుంది. అదే లోడు 12 వోల్టుల మీద అయితే 400 ఆంపియర్లు దాటుతుంది. ఒకే తీగలో కరెంటు నాలుగు రెట్లయితే వేడిగా పోయే నష్టం పదహారు రెట్లవుతుంది. అందుకే కిలోవాటు దాటిన ఏ ఏర్పాటుకైనా 24 వోల్టులకు తగ్గకూడదని, మూడు కిలోవాట్ల నుండి 48 వోల్టులే ఉండాలని నేను చెబుతాను. 110 ఆంపియర్లకు 35 స్క్వేర్ ఎం.ఎం. మెత్తటి రాగి కేబుల్, పొడవు రెండు మీటర్లకు మించకుండా ఉండాలి. బ్యాటరీ మెట్ల కింద, ఇన్వర్టరు మేడ మీద గదిలో పెట్టి మధ్యలో పది మీటర్ల తీగ నడిపిన ఇళ్లు చూశాను. తీగ పొడవు పెంచవలసి వస్తే ఏసీ వైపు పెంచండి.

లగ్గులను, అంటే తీగ చివర తొడిగే లోహపు కొనలను, సుత్తితో కొట్టి నొక్కకండి, క్రింపింగ్ పనిముట్టు వాడండి. బోల్టు బిగించేటప్పుడు లగ్గు నేరుగా టెర్మినల్ మీద కూర్చోవాలి, వాషరు దాని పైన రావాలి. వాషరు మధ్యలో పడితే ఆ స్టీలు ముక్క గుండా వంద ఆంపియర్లు పారవలసి వస్తుంది, అక్కడే కాలుతుంది. సముద్రానికి ఇంత దగ్గర ఉన్న మనకు ఉప్పుగాలి బెడద ఎలాగూ ఉంది. కళాయి పూసిన రాగి లగ్గులు, పైన పెట్రోలియం జెల్లీ పూత, ఏడాదికి ఒకసారి, వర్షాకాలం పోయాక, విప్పి తుడిచి మళ్లీ బిగించడం తప్పదు.

బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరలో ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు కాపాడేది తీగను. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వదులుతుంది. ఇంట్లో మిగిలిపోయిన, ఏసీ కరెంటుకు తయారైన ఎంసీబీని (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఇక్కడ పెట్టడం మహా తప్పు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కనుక స్విచ్ తెరిచినప్పుడు పుట్టిన నిప్పురవ్వ తనంతట తానే ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ మంటగా నిలబడిపోతుంది. డీసీ ఎంసీబీల్లో కూడా ప్లస్, మైనస్ గుర్తులు ఉన్నవి తిరగేసి బిగిస్తే అవి మంటను ఆర్పలేవు.

రెండు మూడు లిథియం బ్యాటరీలు పక్కపక్కన కలిపేటప్పుడు, ఇన్వర్టరుకు వెళ్లే రెండు తీగలనూ మొదటి బ్యాటరీకే తగిలించడం సాధారణంగా చూస్తాము. దగ్గరిదే ఎక్కువ మోస్తుంది, దూరానిది సగం ఖాళీగా కూర్చుంటుంది, ఏడాది తిరిగేసరికి మొదటిది ముసలిదవుతుంది. పాజిటివ్ ఒక చివరి బ్యాటరీ నుండి, నెగటివ్ రెండో చివరి బ్యాటరీ నుండి తీయండి, లేదా బస్‌బార్ (తీగలన్నీ కలిసే లోహపు పట్టీ) పెట్టి, ప్రతి బ్యాటరీకీ సమానమైన పొడవు తీగలు వేయండి. నాలుగు ట్యూబులర్ బ్యాటరీలు వరుసగా కలిపి 48 వోల్టులు చేసినప్పుడు, వాటిలో ఒక్కదాని నుండి 12 వోల్టుల బల్బుకో సీసీ కెమెరాకో తీగ లాగకండి. ఆ ఒక్కటి రోజూ కొంచెం వెనుకబడి, చివరికి మిగతా మూడింటినీ తనతో కిందికి లాగుతుంది. పాత బ్యాటరీ పక్కన కొత్త బ్యాటరీ కలపడం కూడా ఇదే కథ. లిథియం అయితే బ్యాటరీలోని బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్‌కు, ఇన్వర్టరుకు మధ్య సమాచార కేబుల్ ఉంటుంది. అది తగిలించకపోయినా పని నడుస్తుంది గనుక చాలామంది వదిలేస్తారు, వదలకండి. ఎంత చార్జ్ తీసుకోవాలో బ్యాటరీ తానే ఇన్వర్టరుకు చెప్పుకొనే దారి అది.

బ్యాటరీని రేకుల షెడ్డు కింద, పడమటి ఎండ కొట్టే గోడకు ఆనించి పెట్టవద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కిస్తారు, అక్కడి నుండి ప్రతి పది డిగ్రీలకు అది దాదాపు సగమవుతుందని అనుభవం. రోహిణి కార్తెలో మన గోడల వేడి సంగతి మీకు చెప్పనక్కరలేదు. లెడ్ యాసిడ్ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, కనుక తలుపులు మూసిన అలమరలో గాని, పూజ గది పక్కన దీపం ఉండే చోట గాని ఉంచరాదు. 2021 నవంబరులో పెన్న పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చిన వీధుల వారు, బ్యాటరీని ఆనాటి నీటి గుర్తు కంటే పైన, గోడకు గట్టి స్టాండు వేసి పెట్టించండి.

ప్యానెళ్ల వైపు క్లుప్తంగా చెబుతాను. వరుసలో కలిపిన ప్యానెళ్ల నుండి వందల వోల్టుల డీసీ వస్తుంది. ఎండలో ఆ కనెక్టరు చేత్తో ఊడదీయకూడదు, ముందు ఐసోలేటరు (ప్యానెళ్ల దారిని విడదీసే స్విచ్) తెరవాలి. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను ఒకదానిలో ఒకటి దూర్చకూడదు. ప్యానెళ్ల ఫ్రేములకు, ఇన్వర్టరుకు ఎర్తు వేయాలి, పిడుగు వంటి వాటితో ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని ఆపే సర్జ్ ప్రొటెక్టర్లు ఏసీ, డీసీ రెండు వైపులా ఉండాలి. మన తీరపు ఇసుక నేలల్లో వేసవిలో ఎర్తు గుంతకు నీళ్లు పోయడం మరవకండి.

ఇంకొక మాట. నెట్ మీటరు ఉన్న ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టరు చేర్చేముందు డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, రాసి ఇవ్వండి. నెల్లూరు జిల్లా వారికి తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్, ప్రకాశం వారికి ఏపీసీపీడీసీఎల్. మీటరు సీలు వైపు తీగను మనం ముట్టుకోరాదు.

హైబ్రిడ్ పెట్టెల్లో బ్యాటరీని ఎంత మిగిల్చి ఉంచాలో చెప్పే సెట్టింగు ఉంటుంది. మామూలు రోజుల్లో 20 శాతం చాలు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా, అల్పపీడనం మాట వినగానే, దాన్ని 90కి పెంచండి. మబ్బు పట్టిన రెండు మూడు రోజులు ప్యానెళ్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోలేము.

పని పూర్తయిన రోజున ఇంటివారి ఎదుటే మెయిన్ కట్టేయండి. ఏ గదిలో ఏది వెలిగిందో, ఏది ఆరిందో వారితో కలిసి తిరిగి చూడండి. తరువాత మెయిన్ స్విచ్‌కు వీధి వైపు టెర్మినళ్ల మీద కాకుండా, హైబ్రిడ్ పెట్టె గ్రిడ్ టెర్మినళ్ల మీద మీటరు పెట్టి, అక్కడ వోల్టులు లేవని ఇంటి పెద్దకు చూపించండి. ముందుగా గీసుకున్న వైరింగు బొమ్మను ప్లాస్టిక్ కవరులో పెట్టి డీబీ తలుపు లోపలి వైపున అంటించండి. పదేళ్ల తరువాత వచ్చే ఎలక్ట్రీషియన్ మీరు కాకపోవచ్చు.

సింగరాయకొండ నుండి వచ్చిన రొయ్యల రైతు ఒకరు ఇందాక చీటీ పంపారు. ఇంటి పక్కనే చెరువు ఉంది, ఈ బ్యాటరీతో ఏరియేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పవచ్చా, జనరేటరును కూడా దీనికే కలపవచ్చా అని అడిగారు. ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. 2 హార్స్‌పవర్‌ది ఒక్కటి గంటకు యూనిట్‌న్నర దాకా తింటుంది, అవి నాలుగు ఉంటే 5 యూనిట్ల బ్యాటరీ గంటలోపే ఖాళీ. ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట మొత్తం పోతుంది. అయ్యా, చెరువును డీజిల్ జనరేటరు మీదే ఉంచండి, దాని డీజిల్ నిండుగా ఉంచండి. జనరేటరును ఇంటికి కూడా వాడదలిస్తే, హైబ్రిడ్ పెట్టెకు జనరేటరు కోసమే ఇచ్చిన టెర్మినల్ ఉందేమో చూడండి. లేకపోతే వీధి కరెంటుకు, జనరేటరుకు మధ్య చేంజోవర్ స్విచ్‌ను పెట్టెకు ముందు, గ్రిడ్ టెర్మినల్ వైపున పెట్టించండి. అలా పెట్టినప్పుడు గ్రిడ్డుకు కరెంటు పంపే సెట్టింగును కట్టేయాలి, లేకపోతే మధ్యాహ్నం ఎండలో ప్యానెళ్ల కరెంటు జనరేటరులోకి ఎదురు నడుస్తుంది. బ్యాకప్ టెర్మినల్‌కు మాత్రం జనరేటరు తీగను ఏ పరిస్థితుల్లోనూ తగిలించవద్దు. అక్కడ ఇన్వర్టరు తయారు చేసే కరెంటు, జనరేటరు కరెంటు ఒకదానికొకటి ఎదురు పడతాయి, ఇన్వర్టరు అక్కడికక్కడే కాలిపోతుంది. మీ చెరువు దగ్గర బోర్డు ఫోటో తెచ్చారట, సభ అయ్యాక ఇక్కడే కూర్చొని బొమ్మ గీద్దాం.